గట్టిమేళం వేళ

నూజివీడు తోటల్లో బంగినపల్లి, చిన్నరసాల కోత సాగే రోజులూ పెళ్ళి ముహూర్తాలూ వేసవిలో ఒకేసారి వస్తాయి గనుక, సెలవు పెట్టుకుని స్వగ్రామం చేరిన ప్రవాసులు మామిడిపండు తినడమే కాక సన్నాయి, డోలు కూడా చెవులారా వింటారు. అంతవరకు పందిట్లో కీర్తన వాయిస్తున్న సన్నాయి విద్వాంసుడు, జీలకర్ర బెల్లం పెట్టే సుముహూర్తానికో మూడు ముళ్ళు వేసే వేళకో పురోహితుడు చేయెత్తి గట్టిమేళం అనగానే, చరణం మధ్యలోనైనా దాన్ని వదిలేసి పై స్వరాలకు ఎగబాకుతాడు. డోలు కళాకారుడు ఒకవైపు పుల్లతో, మరోవైపు తొడుగులు తగిలించిన వేళ్ళతో ఎడతెరిపి లేకుండా మోగిస్తాడు. ఆ క్షణాన తుమ్ము గానీ అశుభవాక్కు గానీ వినబడకూడదన్నది పెద్దలు చెప్పే కారణం. అంటే ఈ మేళం ఒక ఘట్టాన్ని చాటుతూనే ఇతర ధ్వనులను కప్పేస్తుంది.

పాశ్చాత్య సంగీతంలో ఫ్యాన్‌ఫేర్, అంటే ముఖ్యమైన రాకను లేదా ఆరంభాన్ని బూరలతో చాటే చిన్న వాద్య రచన, చాటడం వరకే పరిమితం. పూర్వపు ట్రంపెట్‌కు స్వరాలు మార్చే మీటలు లేవు. పెదవుల బిగువుతో పలికే సహజ స్వరాల్లో కింది స్థాయిన ప్రధానంగా షడ్జమం, అంతర గాంధారం, పంచమమే దొరకడం వల్ల ఫ్యాన్‌ఫేర్‌కు ఆ గంభీరమైన అంగలు ఏర్పడ్డాయి. 1607లో మాంటోవాలో ప్రదర్శించిన మాంటెవెర్డీ ఒపెరా 'ఓర్ఫెయో'లో తెర లేవకముందు అటువంటి రచననే మూడుసార్లు వాయించాలని నిర్దేశించారు. అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ 1942లో సామాన్య మానవుడి పేర రాసిన ఫ్యాన్‌ఫేర్ నాటికి, అది ఏ రాకకూ ముడిపడకుండా కచేరీలో తానే ఒక అంశమైంది.

గట్టిమేళానికి ఆ యోగం పట్టలేదు, పట్టనవసరమూ లేదు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వరాన్ని విదేశీ వేదికల దాకా తీసుకెళ్ళినా, గట్టిమేళానికి మాత్రం పెళ్ళే కావాలి. విదేశాల్లో మేళగాళ్ళు దొరకని చోట ఫోనును స్పీకరుకు తగిలించి రికార్డు చేసిన మేళం వినిపిస్తున్నారు. శబ్దానికి లోటు ఉండదు గానీ, పురోహితుడి చేతిని కనిపెట్టే కన్ను దానికి లేకపోవడంతో, వరుడు రెండో ముడి దగ్గర తడబడితే ఆ మేళం అతని కోసం ఆగదు, సాగదు.