యంత్రం తన భంగిమను ఎట్లా ఎరుగును?

వార్షిక సంచికకు ఉర్దూ పుటలు సిద్ధం చేస్తున్న రోజులవి. తెరను వెనుకకు మడిచి పలకగా మార్చగల మా ల్యాప్‌టాప్‌లో కీబోర్డు అకస్మాత్తుగా మూగబోయినది. తెర మాత్రం వేలి స్పర్శకు పలుకుతూనే ఉన్నది. చివరిసారి దానిని వాడిన మొదటి సంవత్సరపు విద్యార్థినిని మేమందరమూ నిందించాము. ఆమె ఏమీ అనక వెళ్ళిపోయినది.

తరువాత గాని మేము చదివి తెలుసుకోలేదు. ఇటువంటి కొన్ని యంత్రాలలో మూతలో ఒకటి, కీబోర్డు భాగంలో ఒకటి త్వరణ సంవేదకాలు ఉంటవి. రెండూ భూమ్యాకర్షణ దిశను కొలువగా, ఆ వ్యత్యాసం నుండి కీలు కోణం తేలుతుంది. తెరచిన పుస్తకం వలె నిలబెడితే కీలు నిట్టనిలువుగా నిలుస్తుంది. అప్పుడు ఈ లెక్క సాగదు! మరికొన్నింటిలో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సంవేదకం ఉంటుంది. తెరను 360 డిగ్రీలు మడిచినపుడు అయస్కాంతం దానిని సమీపిస్తుంది. ‘పలక అయినది’ అన్న వార్త విండోస్‌కో లినక్స్‌కో అందుతుంది. అడుగున వేళ్ళు తగిలి అక్షరాలు పడకుండా కీబోర్డు ఆగిపోతుంది.

మా ల్యాప్‌టాప్ క్రింద అయస్కాంతపు బొత్తాం గల ఫోను పౌచ్ ఉన్నది. అది తీయగానే అక్షరాలు పడినవి. పౌచ్ మాలో ఒకరిదే.

మరునాడు ఆమె తరగతి గుమ్మం వద్ద చాలాసేపు నిలబడ్డాము. ఆమె వచ్చి, “ముందు దానిని జేబులో పెట్టుకోండి భయ్యా” అని, మిగిలిన రెండు పుటలకు కూర్చున్నది.