గడువూ, నైవేద్యమూ

రచయితకు తీరిక ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నను మన విమర్శకులు తగినంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. రచయిత వర్గస్వభావాన్ని గురించి చర్చించాం, పాఠకుల అభిరుచిని గురించి చర్చించాం, ప్రచురణకర్త పెట్టుబడిని గురించి కూడా కొంత మాట్లాడుకొన్నాం. కాని రచయిత బల్లముందు కూర్చొన్న ఆ నాలుగు గంటలూ ఎవరి ఖాతాలోవి? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనంవల్ల కలిగిందని చెప్పుకొంటే గౌరవంగానే ఉంటుంది గాని, అది నిజం కాదు. కిందటి దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక తగవువల్ల కలిగింది.

నేను విజయవాడలో ఒక కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. మూడేళ్లుగా ఒక నవల వ్రాస్తున్నాను. రైసుమిల్లులో పనిచేసే స్త్రీల సమ్మె అందులో కథ. కొత్త సంవత్సరపు పుస్తక ప్రదర్శననాటికి దాన్ని తేవాలని ప్రచురణకర్త సంకల్పం. అందుకని విజయదశమి మరునాటికి వ్రాతప్రతి మొత్తం తన చేతిలో పడాలన్నాడు. అప్పటికి ఇంకా ఆరు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. సెలవులు పది రోజులు. రోజుకు పన్నెండు పుటలు వ్రాస్తే సరిపోతుందని లెక్క వేసుకొన్నాను. ఆ లెక్కలో మా ఇల్లు లేదు.

ఇంద్రకీలాద్రి దరిదాపుల్లో ఇల్లున్నవాడికి దసరా అంటే ఏమిటో బయటివారికి చెప్పడం కష్టం. మొక్కులున్న బంధువులంతా ఆ పది రోజుల్లోనే వస్తారు. వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలో తెల్లవారుజామునే నిలబడాలంటే రాత్రే మా ఇంటికి చేరాలి. నడవలో చాపలు, దండెంమీద ఎర్ర చీరలు, నీళ్ల గది ముందు మరొక క్యూ. మా అమ్మకు ఇదంతా ఉత్సాహమే. ఆమె తొమ్మిది రోజులూ అమ్మవారికి పూజ చేసుకొంటుంది, రోజుకొక నైవేద్యం వండుతుంది. నా భార్య మునిసిపల్ పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమెకూ సెలవులే. పిల్లల పరీక్ష పేపర్ల కట్టలు రెండు ఇంటికి తెచ్చుకొంది. పాఠశాల తెరిచేనాటికి అవి దిద్ది మార్కులు అప్పగించాలి. ఇది కూడా గడువేనని అప్పట్లో నాకు తోచలేదు సుమా!

నేను మాత్రం మేడమీది గదిలో తలుపు వేసుకొన్నాను. మొదటిరోజే అమ్మతో చెప్పాను, నాకు నమ్మకం లేదు గనుక పూజకు పిలవవద్దని. ఆమె నొచ్చుకోలేదు. ఇరవై ఏళ్లుగా వింటున్న మాటే. కాఫీ పైకి వచ్చేది, భోజనం పైకి వచ్చేది, ఖాళీ గ్లాసులు కిందికి వెళ్లేవి. భౌతికవాదిని గనుక పండుగతో నాకు నిమిత్తం లేదు. పండుగ పులిహోరతో మాత్రం నిమిత్తం ఉన్నట్లే ఉంది.

మూలా నక్షత్రంనాడు సరస్వతీపూజ. పీటమీద పుస్తకాలు పెట్టి పసుపుకుంకుమలు చల్లితే దశమినాడు గాని వాటిని కదపరు. మా అమ్మాయి తన లెక్కల పుస్తకాన్ని తనంతతానే తెచ్చి పెట్టింది, ఆ భక్తికి కారణం అందరికీ తెలిసిందే. నేను బజారులో కాగితాలు కొనుక్కొని వచ్చేసరికి నా వ్రాతప్రతి బల్లమీద లేదు. నేను ఇప్పటికీ చేత్తోనే వ్రాస్తాను, దానికి మరొక ప్రతి లేదు. కింద దేవుడిగదిలో, భాగవతంమీద, చామంతిపూల కింద ఉంది.

నేను అరిచాను. చుట్టాలందరి ముందూ అరిచాను. మూఢవిశ్వాసమనీ, ఎవరి సొత్తు ఎవరు ముట్టుకొన్నారనీ, నాకు గడువుందనీ ఏమేమో అన్నాను. అమ్మ చేతిలో గరిటె ఉంది. పొయ్యిమీద పాయసం ఉంది. ఆమె నిదానంగా, "నాకు మాత్రం గడువు లేదా, నాయనా? ఇవాళ్టి నైవేద్యం రేపు పెడితే చెల్లుతుందా? నీ పుస్తకం బాగా అమ్ముడుపోవాలని పెట్టానురా," అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నా భార్య ఆ రాత్రి గాని మాట్లాడలేదు. "అత్తయ్యగారి దేవుడితో మీకు తగవు ఉంటే ఉండనివ్వండి. ఈ వారం రోజుల్లో ఒక్క గ్లాసు కడిగారా? దానికి నాస్తికత్వం అడ్డొచ్చిందా?" అంది. ఆమె ముందు దిద్దని పేపర్లు ఉన్నాయి. సమయం పదకొండు దాటింది.

జవాబుగా నేను దొస్తయేవ్‌స్కీ కథ ఎత్తుకొన్నాను. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన కథ. 1865లో అప్పుల బాధ పడలేక ఆయన స్తెల్లోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో ఒప్పందం చేసికొని 3,000 రూబుళ్లు తీసుకొన్నాడు. 1866 నవంబరు 1 నాటికి కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు ఆయన రచనలను పైసా ఇవ్వకుండా వేసుకొనే హక్కు ప్రచురణకర్తకు పోతుంది. ఆ సంవత్సరమంతా "నేరము - శిక్ష" ధారావాహికగా వెలువడుతూ ఉంది. అక్టోబరు వచ్చింది, కొత్త నవలలో ఒక్క పుట లేదు. అప్పుడు ఇరవై ఏళ్ల స్టెనోగ్రాఫరు అన్నా గ్రిగోర్యేవ్నా వచ్చింది. ఆయన చెప్పాడు, ఆమె వ్రాసుకొన్నది. నెల తిరగకుండానే "జూదరి" పూర్తయింది. ప్రచురణకర్త ఊళ్లో లేడంటే పోలీసు ఠాణాలో వ్రాతప్రతి అప్పగించి రసీదు పుచ్చుకొన్నారు.

ఆమె పేపరు దిద్దుతూనే విన్నది. "పగలు చెప్పించుకొన్నాడు సరే, ఆ సంకేతలిపిని మామూలు అక్షరాల్లోకి ఎప్పుడు మార్చిందావిడ?" అని అడిగింది. ఇంటికి వెళ్లి రాత్రుళ్లు మార్చేదన్నాను. "మరి నిద్ర?" అంది.

ఆ కథ నాకు పదిహేనేళ్లుగా తెలుసు. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. మరుసటి సంవత్సరమే ఆమె ఆయన భార్య అయింది. 1873నుంచి ఆయన పుస్తకాల ప్రచురణ వ్యవహారం కూడా తానే నెత్తిన వేసుకొన్నది. మనం మాత్రం దాన్ని ప్రతిభ గడువును జయించిన కథగా చెప్పుకొంటాం. తొల్‌స్తోయ్ "యుద్ధము - శాంతి"ని సోఫియా మళ్లీ మళ్లీ శుద్ధప్రతి తీసిన సంగతి కూడా అటువంటిదే, అదొక ముచ్చటగా మిగిలిపోయింది. అంత దూరం ఎందుకు? "వేయిపడగలు" 29 రోజుల్లో విశ్వనాథవారు చెబుతూ ఉంటే తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాశారని మన సాహిత్యలోకంలో అందరూ చెప్పుకొంటారు. ఆ నవల భావాలతో మనకు ఎంత పేచీ ఉన్నా ఆ వేగానికి ఆశ్చర్యపోతాం. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానాన్ని దానికీ బాపిరాజుగారి "నారాయణరావు"కూ పంచి ఇచ్చిన సంగతి పరీక్షల్లో అడుగుతాం. ఆ 29 రోజులూ వంట ఎవరు చేశారని ఏ పరీక్షలోనూ అడగం. సనాతనవాదికీ అభ్యుదయవాదికీ ఈ ఒక్క విషయంలో భేదం లేకపోవడం నన్ను ఆ రాత్రి కొంత కలవరపెట్టింది.

వ్రాతప్రతిని తెచ్చుకోవచ్చు. దేవుడిగదికి తాళం లేదు. అర్ధరాత్రి లేచి అక్కడిదాకా వెళ్లాను కూడా. గడపలో అమ్మ నిద్రపోతూ ఉంది, కాళ్లకు పసుపు, అరచేతిలో పొయ్యి చుర్రుమన్న మచ్చ. దాటి వెళ్లలేక వెనక్కి వచ్చాను. ఇది భక్తి కాదు. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు, ఇకముందు కలుగుతుందని అనుకోను. మతాన్ని గురించి 1844లో అచ్చయిన మార్క్స్ వ్యాసంలో మనకు మత్తుమందు మాట ఒక్కటే గుర్తుంటుంది. దానికి కొంచెం ముందే పీడితుల నిట్టూర్పు ప్రస్తావన ఉంది. అమ్మ పూజను మొదటి మాటతో కొట్టిపారేసి నేను మేడ ఎక్కాను. ఆ పది రోజులూ అమ్మకు తన పేరుమీద జరిగే పని అదొక్కటే, తక్కినదంతా మా పని.

తరువాతి మూడు రోజులూ వ్రాయడానికి కాగితం లేదు. ఉన్నా వ్రాసేవాణ్ణి కానేమో. కూరలు తరిగాను, వంకరగా. గిన్నెలు తోమాను. పెద్దమ్మ చూసి, "వీడికేమైందే?" అని అమ్మను అడిగింది. తోముతూ ఉండగా నా నవలే గుర్తుకు వచ్చింది. రెండు వందల పుటలు వ్రాశాను. ఆ మిల్లు స్త్రీలు ఊరేగింపు చేస్తారు, ఉపన్యాసాలు వింటారు, లాఠీదెబ్బలు తింటారు. ఒక్కరైనా ఇంటికి వెళ్లి అన్నం వండరు. సమ్మె రోజుల్లో కూలి లేని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఒక్క వాక్యం లేదు. పదిహేడో అధ్యాయంలో అమ్మవారి జాతరను వెక్కిరిస్తూ ఎనిమిది పుటలున్నాయి. ఆ జాతరకు ఆ స్త్రీలు ఎందుకు వెళ్లారో మాత్రం లేదు. అదీ నా వాస్తవికత!

దశమినాడు అమ్మ కట్ట తీసి ఇచ్చింది. ఏమీ అనలేదు. ప్రచురణకర్తకు ఫోను చేసి గడువుకు అందించలేనని చెప్పాను. అతనికి కోపం వచ్చింది, అది న్యాయమే. పుస్తకం ఆ ప్రదర్శనకు రాలేదు. నా భార్య పేపర్లు మాత్రం వేళకు అందాయి, ఆఖరి కట్టలో మార్కులు కూడే పని నాకు అప్పగించింది, రెండుచోట్ల తప్పు కూడితే దిద్దింది.

ఇప్పుడు పదిహేడో అధ్యాయం మళ్లీ వ్రాస్తున్నాను. పై కాగితాలకు ఇంకా కుంకుమ అంటుకొని ఉంది, చేతికి వస్తోంది. ఉదయం ఆరునుంచి ఏడువరకు వంటింటి పని నాది గనుక రచన ఏడు తరువాత గాని మొదలుకావడం లేదు. తొమ్మిదిన్నరకు కళాశాల. రోజుకు రెండు పుటలు సాగుతోంది, కొన్నాళ్లు అదీ లేదు.