రాజమహేంద్రవరపు చిత్రశాల – మా పిల్లల యచ్చులు

గడచిన సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరమునకు బోయితిని. గోదావరీ స్నానమైన పిమ్మట దామెర్ల రామారావుగారి చిత్రశాలను జూచితిమి. వారీ పట్టణముననే 1897వ సంవత్సరమున జన్మించిరి. ఇచ్చటి కళాశాలాధ్యక్షులగు కూల్డ్రే దొరగారు ఆ బాలుని చేతి నేర్పును గుర్తించి ప్రోత్సహించిరి. రామారావుగారు బొంబాయిలో చిత్రకళ నభ్యసించి, తిరిగివచ్చి, తమ యూరివారికి నేర్పిరి. 1925లో మశూచికము సోకి, 28 ఏండ్లు నిండకుండగనే పరమపదించిరి. వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును గూడ చిత్రములు వ్రాసినవారే.

ఒక నీటిరంగుల పటము నెదుట మా చిన్నమ్మాయి చాలసేపు నిలిచి, "అమ్మా, చిన్నప్పుడు వీరిని వాళ్ళమ్మ కొట్టలేదా?" యని యడిగినది. నాకు మాట రాలేదు. అంతకు వారము దినముల ముందు అది బెండకాయ ముక్కను కుంకుమనీట ముంచి గోడపై నద్దగా, నేను కోపించి చేతిపై గొట్టితిని.

ఇల్లు చేరిన మఱునాడు దళసరి కాగితములును, రంగులపెట్టెయు నిచ్చి పిల్లలను వసారాలో గూర్చుండబెట్టితిని. మొదట కావిరంగును మిక్కిలి పలుచగా గలిపి పూయించితిని. అది వరదనాటి గోదావరి యైనది. నీటిరంగులలో తెలుపు వేఱుగ బూయనక్కఱలేదు, రంగు తగులని కాగితమే వెలుగగును. కావున అలల మెఱుపులకు గొంత చోటు విడిపించితిని. అది బాగుగా నాఱిన తరువాతనే చిక్కని రంగుతో నచ్చులు వేయవలెను. ముందే యచ్చువేసి పైని నీటిరంగు పూసినచో అచ్చు కరగి చెదరిపోవును.

బెండకాయ నడ్డముగా గోసి యద్దిన పువ్వగును. ఆకునకు ఈనెలుబికియుండు వెనుకవైపున రంగు పూసి యద్దినచో ప్రతి యీనెయు దెలియును. పెద్దవాడు బంగాళాదుంపపై 'అ' యక్షరము జెక్కి యద్దగా అది తిరుగబడి వచ్చినది. అద్దములో గనబడు రీతిని జెక్కిననే సరిగా వచ్చునని వాడే కనిపెట్టెను. కత్తి పని మాత్రము పెద్దల కనుసన్నలలో జరుగవలెను.

సోదరీమణులారా! మన పిల్లలందఱును చిత్రకారులు కావలెనని నేననుట లేదు. కాని కన్నులు చూచినదానిని చేతితో జూపవలెనను కోరిక బిడ్డకు గలిగిన క్షణముననే మనము చేయెత్తినచో, ఆ కోరిక మరల వచ్చునో రాదో యెవరికి దెలియును? నాటి గోడ మరకపై నేనింకను సున్నము వేయింపలేదు.