పత్తికొండ చేను – పనుల వరుస

ఆదవానినుండి పత్తికొండకు బోవు దారిలో నల్లరేగడి చేలును, ఎఱ్ఱనేలలును ఒకదాని వెంట నొకటి కనబడుచుండును. గడచిన చైత్రమున మేమా దారిని బోయినది వినోదమునకు గాదు. పత్తికొండ చెంతనున్న మా రెండెకరముల చేనిలో అంతకు ముందటి శ్రావణమున నలువది మామిడి, సపోటా మొక్కలను నాటియుంటిమి. రెండేండ్లు పండుగచీరలు మాని కూడబెట్టిన సొమ్మది. పోయి చూతుము గదా, మూడు మాత్రమే బ్రతికియున్నవి. కొన్నిటిని మేకలు మేసినవి. తక్కినవి నీరులేక మాడినవి.

మా పెద్దత్తగారు గట్టున నిలిచి, "అమ్మాయీ, వాన కురిసినప్పుడు నీరెటు పాఱునో చూచితిరా? మేకల కడ్డమేమి పెట్టితిరి?" అని యడిగిరి. మాయొద్ద నుత్తరము లేకపోయెను. మావారు బడిలో అక్షరములు రాకమున్ను పిల్లలకు పద్యము చెప్పరు. చేనియందు మాత్రము మేమిరువురమును ఆ తప్పే చేసితిమి.

నాటి సాయంకాలము ఇంటిలో మన్రో దొర ప్రసంగము వచ్చెను. 1800 సంవత్సరమున నిజామువలన కుంఫిణీవారికి సంక్రమించిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరై వచ్చిన థామస్ మన్రో, పిమ్మట మద్రాసు గవర్నరై, తుదిసారి ఇచ్చటి ప్రజలను జూడవచ్చి, 1827 జూలై 6వ తేదీని పత్తికొండలోనే విషూచి సోకి మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు ఇచ్చట చెట్లతోపు వేయించి, దానితోబాటు మెట్లబావిని గూడ త్రవ్వించిరి. బావి లేని తోపు ఈ సీమలో నిలువదని వారెఱిగిరి కాబోలు.

ఆస్ట్రేలియా దేశీయుడగు యోమన్సు 1958లో ప్రకటించిన గ్రంథమున ఈ వరుసనే విస్తరించి చెప్పెను: మొదట శీతోష్ణస్థితి, పిదప నేలవాలు, నీరు, దారులు, చెట్లు, ఇండ్లు, కంచెలు, తుదకు మన్ను. మార్చుటకు మిక్కిలి కష్టమైనదానిని ముందు తలపవలెను, సులభమైనది తరువాత. శాశ్వతవ్యవసాయము నేర్పువారు నేటికిని దీనిని బోధించుచున్నారు. మా పెద్దత్తగారు మాత్రము మేకలను దలచి కంచెను ముందునకు జరిపిరి. మా చేనికదియే తగును.

కావున ఈ యేడు మేము మొక్కలు కొనలేదు. ఆషాఢపు వానలలో గొడుగు పట్టుకొని నీటి నడకను జూచి, ఆ జాడవెంట పుల్లలు గ్రుచ్చితిమి. వాలున కడ్డముగా కందకములు త్రవ్వించి, ఆ మన్నును దిగువ గట్టుగా వేయించితిమి. పల్లపు మూల చిన్నకుంట యైనది. చుట్టును ముండ్లకంప వేయించితిమి. గట్లవెంట కందియు, ఆముదమును విత్తితిమి. అవి లేతమొక్కలకు నీడయు, నేలకు ఆకుఎరువును ఇచ్చును. మామిడి వచ్చు వానకారునకే. కాపుగది కట్టుట అన్నిటికిని తుదిపని.

భాద్రపదమున కుంటలో నీరు నిలిచెను. పెద్దత్తగారు తొలిబిందె ముంచి, బ్రతికిన ఆ మూడు మొక్కలకును పోసివచ్చిరి. సోదరీమణులారా, పెరటిలోని గజము నేలకైనను ఈ వరుసయే తగును: ముందు నీరు, పిదప కంచె, ఆ పిదప మొక్క.