పొద్దున్న అరగంట నాది

నా పెద్దపేగు మామూలుకన్నా పొడవు. పెద్దవాళ్లలో అది సుమారు మీటరున్నర ఉంటుందంటారు. నాది అంతకు మించి పెరిగి, కిందివైపు సిగ్మాయిడ్ అనే భాగంలో మెలికలు తిరిగి ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో కొలనోస్కోపీ చేసిన డాక్టరు గొట్టాన్ని చివరిదాకా తీసుకెళ్లడానికి చాలాసేపు శ్రమపడ్డారు. రిపోర్టులో ‘రిడండెంట్ కోలన్’ అని రాశారు. ఇది జబ్బు కాదనీ, ఇలాంటి పేగు ఉన్నట్టు తెలియకుండానే హాయిగా బతికేసేవాళ్లు చాలామంది ఉన్నారనీ చెప్పారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ మోషన్ సాఫీగా అయింది తక్కువ.

పెద్దపేగు చేసే ముఖ్యమైన పని నీటిని పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిచిపోతే అంత నీరు పోయి గట్టిపడుతుంది. మూడో రోజుకి కడుపు ఉబ్బరం, ఆ తర్వాత నడుం లాగడం, ఆకలి చచ్చిపోవడం. ఆఫీసు మీటింగులో ఎవరో ఏదో అడుగుతుంటారు, మనసేమో కడుపు దగ్గరే ఉంటుంది. పైకి ఏ జబ్బూ కనబడదు కాబట్టి సెలవు అడగడానికీ నోరు రాదు.

తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసిందంటే మొదటి ప్రశ్న, “ఆకుకూరలు తింటున్నావా అమ్మాయ్?” అని. ఆ ప్రశ్నలో ఉన్నది ప్రేమే. కానీ లోపమంతా తిండిదేనన్న నమ్మకమూ అందులో ఉంది. తిండి సంగతి కొంతవరకూ నిజమే. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో పీచు ఒక గ్రాము కూడా ఉండదు. ఇక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకి రోజుకి 30 గ్రాములు కావాలంటోంది. అందుకే అన్నం తగ్గించి గోరుచిక్కుడు, తోటకూర పప్పు, ముడిగోధుమ బ్రెడ్ పెంచాను. రోజూ రెండు కివీ పండ్లు తింటాను, అవి నాకు బాగా పనిచేశాయి. అయితే మలబద్ధకం ఉన్న ప్రతివాళ్లకీ “ఇంకా పీచు తిను” అని చెప్పడం అన్యాయం. పేగు నడకే మందంగా ఉన్నవాళ్లకి పీచు మరీ ఎక్కువైతే ఉబ్బరం ఇంకా పెరుగుతుంది. నీళ్లు చాలినన్ని తాగకుండా ఇసబ్‌గోల్ వేసుకుంటే మరీ కష్టం.

ఇసబ్‌గోల్ అంటే గుర్తొచ్చింది. ఇక్కడి మందుల షాపులో ఫైబోజెల్ అని అమ్మే పొట్లంలో ఉండేది ఆ పొట్టే. ప్రపంచానికి దాన్ని ఎక్కువగా పండించి పంపేది గుజరాత్, రాజస్థాన్ రైతులు. అమ్మమ్మ కషాయం కాచి తాగించిన సునాముఖి కూడా ఇక్కడ సెన్నా మాత్రగా దొరుకుతుంది. రాత్రి వేసుకుంటే పొద్దుటికి పనిచేస్తుంది. నన్ను అసలు నిలబెట్టింది మాత్రం మాక్రోగోల్ పొడి. నీళ్లలో కలుపుకుని తాగుతాను. అది ఒంటికి దాదాపుగా పట్టదు. తనతో కలిపిన నీటిని పేగు పీల్చేసుకోకుండా పట్టి ఉంచి, మలాన్ని మెత్తగా చేస్తుంది. “రోజూ తాగితే అలవాటైపోతుందేమోనే” అని మా పిన్ని భయపడింది. బీపీ మాత్ర రోజూ వేసుకునే మనిషికి ఎవరూ ఆ మాట అనరు. నాకు ఎంత కావాలో డాక్టరుతో కలిసి చూసుకుని, అంతే తాగుతున్నాను.

పొడవు ఎక్కువైతే ఆ ముక్క కోసి తీసేయొచ్చు కదా అని నేనూ అడిగాను. వందేళ్ల కిందట లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరున్న సర్జన్ ఆ పనే చేశాడు. మలబద్ధకం వల్ల ఒళ్లంతా విషం పాకుతుందని నమ్మి, రోగులకి పెద్దపేగులు తీసేశాడు. తర్వాతి కాలంలో ఆయనే సరైన తిండి గురించి ఊరూరా ప్రచారం చేశాడు. ఇప్పటి డాక్టర్లు పేగు ఎంత నెమ్మదిగా కదులుతోందో, కిందనున్న కండరాలు సమయానికి వదులవుతున్నాయో లేదో పరీక్షించి, మిగతా దారులన్నీ అయిపోయాకే ఆపరేషన్ మాట ఎత్తుతారు. కోశాక కూడా మలబద్ధకం పోతుందన్న హామీ లేదు. పేగు మెలిపడిపోతే మాత్రం అది వేరే సంగతి. హఠాత్తుగా కడుపు ఉబ్బి, భరించలేని నొప్పి వచ్చి, గాలి కూడా బయటికి పోకపోతే ఒక్క క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇంటి వైద్యం మానేసి డాక్టరుకి చూపించుకోవాలి.

డాక్టరుతో మాట్లాడటానికి నాకు సాయపడింది ఈ ఊళ్లోనే పుట్టిన ఒక పట్టిక. లూయిస్, హీటన్ అనే ఇద్దరు వైద్యులు 1997లో ప్రచురించిన బ్రిస్టల్ స్టూల్ చార్ట్ అది. అందులో మలాన్ని ఏడు రకాలుగా బొమ్మలు వేసి చూపించారు. విడివిడిగా గట్టి ఉండల్లా ఉంటే ఒకటి, నున్నగా మెత్తగా ఉంటే నాలుగు, పూర్తిగా నీళ్లయితే ఏడు. అమ్మతో కూడా వివరంగా చెప్పుకోలేని సంగతిని ఒక్క అంకెతో చెప్పేయగలిగాను.

కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలిక పొద్దున్నపూట బలంగా ఉంటుంది. అందుకే పెందలాడే లేచి, టిఫిన్ తిని, ఆ తర్వాతి అరగంట నాకోసం ఉంచుకుంటాను. కమోడ్ ముందు చిన్న చెక్కపీట వేసి దానిమీద పాదాలు పెడతాను. మోకాళ్లు తుంటికన్నా పైకి లేస్తే కింది కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. మన ఊళ్లలో గొంతుక్కూర్చునే పద్ధతిలో ఉన్న మేలు ఇదే. ముక్కను, హడావుడి పడను. ఆ వేళలో ఇంట్లో నన్నెవరూ పిలవరు.

ఊరెళ్లినప్పుడే అంతా తారుమారవుతుంది. విమానంలో ఒళ్లు ఎండిపోతుంది, నిద్రవేళలు మారతాయి, తిండీ మారుతుంది. వీటన్నిటికన్నా కష్టమైంది పెళ్లింట్లో పొద్దున్న. ఇంటినిండా చుట్టాలు, బాత్రూమ్ ఒక్కటి, బయట తువ్వాలు భుజాన వేసుకుని వరసగా నిలబడ్డవాళ్లు. “ఇంకా ఎంతసేపమ్మా?” అని తలుపు మీద ఒక్క దెబ్బ పడితే చాలు, నా ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆ రోజుకి అంతే, చాలాసార్లు మర్నాటికీ అంతే. వదినలు, అత్తయ్యలు కూడా ఇలాగే బిగపట్టుకుని తిరుగుతున్నారని మొన్నటి పెళ్లిలో తెలిసింది. నేను నా సంగతి చెప్పగానే వంటింట్లో ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. ఐరన్, కాల్షియం మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచీ అమ్మకీ ఇదే బాధట. ఇన్నాళ్లూ నాతో అనలేదు. ఆ రెండు మాత్రలకీ ఈ గుణం ఉందని చెప్పి, డాక్టరుని అడగమన్నాను.

బ్రిస్టల్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా మొదటి రాత్రే బాత్రూమ్ చూపించి, పీట ఎక్కడుందో చెబుతాను. పొద్దున్న ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండమంటాను. మా ఆయనా, పిల్లలూ పైనున్న బాత్రూమ్ వాడుకుంటారు.