పొద్దుటి పెట్రోలు, మధ్యాహ్నపు పెట్రోలు

పిల్లలూ! నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న హెడ్మాస్టరును. మాది మక్తల్. ఇప్పుడు మా ఊరు నారాయణపేట జిల్లాలో ఉన్నది. నేను చెప్పబోయే సంగతి జరిగిననాటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. పాఠం చెప్పే మాస్టరు ఒకనాడు తప్పు చెప్పి, పాఠం నేర్చుకున్న కథ ఇది.

అవి మార్చి చివరి రోజులు. ఎండలు ముదిరాయి. ఎనిమిదో తరగతికి వ్యాకోచం గురించి చెబుతున్నాను. వేడి తగిలితే వస్తువు పెరుగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. కృష్ణా స్టేషనులో రైలు పట్టాల మధ్య సందులు ఎందుకు వదిలారో చెప్పాను. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎందుకు తొడుగుతారో చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఆ ఉత్సాహంలో ఇంకో మాట అన్నాను.

"నేను నా స్కూటరుకు పెట్రోలు తెల్లవారుజామునే పోయించుకుంటాను. ఎందుకో తెలుసా? మధ్యాహ్నం పెట్రోలు ఉబ్బి ఉంటుంది. లీటరు అని పోస్తారు గాని, అందులో సరుకు తక్కువ. పంపువాళ్ళకు లాభం, మనకు నష్టం!"

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండు రోజుల తరువాత బడి వదిలాక, ఒక కుర్రవాడు నా గది గుమ్మం దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. ఎంత అడిగినా పలకడు. చివరకు కళ్ళు తుడుచుకొని అన్నాడు:

"సార్, మా నాయిన పెట్రోలు పంపుల పనిచేస్తడు. మీరు చెప్పినకాంచి అందరు నన్ను దొంగోని కొడుకు అంటున్నరు. మా నాయిన దొంగ కాదు సార్."

పిల్లలూ, ఆ మాటతో నా గుండె కలుక్కుమన్నది. నేను చెప్పింది పుస్తకంలో ఉన్న సూత్రమే. కాని మధ్యాహ్నం పంపులోని పెట్రోలు ఎంత వేడిగా ఉంటుందో నేనెన్నడూ కొలిచి చూడలేదు! ఎవరో చెప్పగా విన్నాను, నమ్మాను, మీవంటి పిల్లలకు చెప్పాను.

"బాబూ, రేపు ఆదివారం. నీవూ నేనూ కలిసి చూద్దాం," అన్నాను.

మరునాడు తెల్లవారకముందే పంపు దగ్గరకు వెళ్ళాం. యజమానితో సంగతి చెప్పి అనుమతి తీసుకున్నాను. కుర్రవాని తండ్రి నన్ను చూసి, "మీరు పెద్దలు, కూర్చోండి సార్," అని కుర్చీ వేశాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

అతను ఒక గాజు జాడీలో పెట్రోలు పట్టాడు. అందులో హైడ్రోమీటరు వదిలాడు. అది సాంద్రత కొలిచే సాధనం. ద్రవం చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పలచగా ఉంటే కిందికి దిగుతుంది. పక్కనే థర్మామీటరు ముంచాడు. 28 డిగ్రీలు. సాంద్రత చూస్తే, లీటరు పెట్రోలు సుమారు 728 గ్రాములు. ఒక పట్టిక తెరిచి, "ఇదే పెట్రోలు 15 డిగ్రీల దగ్గర లీటరుకు 740 గ్రాములు సార్," అని పుస్తకంలో రాసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఇలా చూసి రాయాలట. కల్తీ జరిగితే ఈ లెక్కలోనే బయటపడుతుంది.

మధ్యాహ్నం రెండు గంటలకు మళ్ళీ వెళ్ళాం. పైన నిప్పులు చెరిగే ఎండ. మొదట గొట్టంలో వెచ్చబడిన పెట్రోలును పక్కకు తీసి, తరువాత జాడీ పట్టాడు. థర్మామీటరు చూశాం. 29 డిగ్రీలు! ఊరంతా ఉడికిపోతుంటే, పెట్రోలు ఒక్క డిగ్రీయే పెరిగింది.

ఎందుకని? కుర్రవాడే చెప్పాడు. "సార్, మా బాయిల నీళ్ళు గూడ ఎండకాలం చల్లగుంటయి గద! పెట్రోలు ట్యాంకి గూడ భూమిలనే ఉన్నది."

చూశారా! మీ ఊళ్ళో బావి ఉంటే మీరూ గమనించండి. చలికాలం పొద్దున నీళ్ళు గోరువెచ్చగా, వేసవి మధ్యాహ్నం చల్లగా తోస్తాయి. నిజానికి బావి నీటి వేడి పెద్దగా మారదు. మారేది పైనున్న గాలి, మన ఒళ్ళు. పగటి ఎండ వేడి మట్టిలో ఒక మూర లోతుకు దిగేసరికే చాలావరకు తగ్గిపోతుంది. పెట్రోలు ట్యాంకు అంతకంటె లోతున ఉంటుంది. పైగా అందులో వేల లీటర్ల సరుకు. అంత సరుకు ఒక్క పూటలో వేడెక్కదు.

ఇక లెక్క చూద్దాం. పెట్రోలు నీటికంటె చాలా ఎక్కువగా వ్యాకోచిస్తుంది. లీటరు పెట్రోలు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 12 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఒక డిగ్రీకి 1.2 మిల్లీలీటర్లు. లీటరు వెల 100 రూపాయలు అనుకుంటే, నాకు వచ్చే నష్టం 12 పైసలు! ఆ 12 పైసల కోసం నేను ఎన్నో రోజులు నిద్ర చెడగొట్టుకున్నాను. అది పోనీయండి. ఆ 12 పైసల కోసం ఒక పిల్లవాడిచేత కన్నీరు పెట్టించాను.

అలాగని నా సూత్రం అబద్ధమా? కాదు. సరుకు పెద్దదైనప్పుడు అదే సూత్రం బలం చూపిస్తుంది. 12 వేల లీటర్ల ట్యాంకరు లారీ దారిలో ఎండకు 5 డిగ్రీలు వేడెక్కితే, లోపలి పెట్రోలు 72 లీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది. బరువు మాత్రం రవ్వంత కూడా పెరగదు. ఆ లారీ పెట్రోలు చల్లని ట్యాంకులోకి దిగాక మళ్ళీ ముడుచుకుంటుంది. అందుకే లారీ వచ్చినప్పుడు వేడినీ సాంద్రతనూ చూసి, 15 డిగ్రీల లెక్కకు మార్చి సరిపోల్చుకుంటారు.

కెనడా దేశంలో చాలా పంపులు పెట్రోలు పోస్తూనే దాని వేడిని కొలిచి, 15 డిగ్రీల లీటరుకు సరిచేసి చూపుతాయి. మన పంపులు అలా సరిచేయవు. వచ్చిన లీటరునే కొలుస్తాయి. కెనడా చలిదేశం. అక్కడ చల్లని లీటరులో సరుకు ఎక్కువ. కనుక సరిచేసే పద్ధతి అక్కడ అమ్మేవారికి కలిసివస్తుంది. వేడి దేశంలో అదే పద్ధతి కొనేవారికి కలిసివస్తుంది. ఒకే సూత్రం, చోటును బట్టి ఒకరికి లాభం, మరొకరికి నష్టం!

తూకం మీద అనుమానం వస్తే గొణుక్కోనక్కరలేదు. పంపులో ప్రభుత్వం ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. "కొలిచి చూపండి" అని అడిగే హక్కు మీ అమ్మానాన్నలకు ఉన్నది. ఇంకొక మాట. వేసవిలో బండి ట్యాంకును మూతదాకా నింపించి ఎండలో నిలపవద్దని చెప్పండి. చల్లని పెట్రోలు ఎండకు పెరిగి పొంగవచ్చు. అది ప్రమాదం.

సోమవారం నాడు తరగతికి వెళ్ళగానే నల్లబల్ల మీద రెండు అంకెలు రాశాను: 28, 29. జరిగిందంతా చెప్పాను. "నేను కొలవకుండా మాట్లాడాను. తప్పు నాది," అన్నాను. ఆ కుర్రవాణ్ణి పిలిచి బావి సంగతి అతనిచేతనే చెప్పించాను. మొదట గొంతు వణికింది. తరువాత కుదురుకున్నది. అతను కూర్చోబోతుంటే, వెనక బల్లలో అందరికంటె ఎక్కువ ఎగతాళి చేసినవాడు పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆనాటి నుంచి నా స్కూటరుకు ఎప్పుడు వీలైతే అప్పుడే పెట్రోలు పోయించుకున్నాను. మీరెవరైనా, "ఫలానావాడు మోసం చేస్తున్నాడట" అని వింటే, ముందు థర్మామీటరు వెతకండి. తరువాత నోరు తెరవండి.