ఒకటోసారి... రెండోసారి...

వేలాన్ని మనవాళ్లు ‘పాట’ అని ఎందుకన్నారో గాని, అందులో సంగీతం ఎక్కడుందో నాకెప్పుడూ బోధపడలేదు. మామిడితోట పాడుకున్నారంటాం. చేపల చెరువు పాడుకున్నారంటాం. గోదావరి ఒడ్డున వున్నవాళ్లం గనుక రేవుని కూడా పాడుకోవడం ఎరుగుదుం. బాలాపూర్ వినాయకుడి లడ్డు 1994లో 450 రూపాయలకి పాడారు, 2024లో 30 లక్షలు దాటించారు. ఆడవాళ్లకి మాత్రం వేలమంటే జ్ఞాపకం వచ్చేవి వేరు. పేపర్లో బ్యాంకువాళ్లు వేయించే తాకట్టు నగల ప్రకటన, అప్పులాళ్లు వీధిలో పెట్టించిన ఇత్తడి బిందెలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలెట్టి ఊరూరా ఆడవాళ్లు సారా పాటలకి అడ్డం పడ్డారంటే, ఆ మాటతో వాళ్లకున్న చుట్టరికం అలాంటిది మరి!

అందుకే మా నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ల సంఘానికి నిధి కోసం వేలంపాట పెడదామన్నప్పుడు, అందరికన్నా పెద్దావిడ చటుక్కున లేచింది.

“అప్పుపడ్డ కొంపలో సామానులాగా మన చేతిపనిని బజార్లో పెట్టి అరుస్తారేంటండీ, అమ్మగారూ?”

కథలు రాసేదాన్ని, నాలుగు మాటలు చెప్పగలనని నన్ను కమిటీలో వేసుకున్నారు. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర మాట లేకపోయింది. బి.ఏ.లో చదివిన ఆర్థికశాస్త్రం ఇలాంటప్పుడు ఎక్కడికి పోతుందో!

నిధి దేనికంటారా? దారానికి. ఈ పని సంగతి తెలియనివాళ్లకి అదేదో చిన్న విషయంలా తోస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన విద్య ఇది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని దారం ఏజెంటు ఇస్తాడు, అల్లినది ఏజెంటే పట్టుకుపోతాడు, కూలి ఆయన కట్టినంత. చేతిపని, అంటే పూలు అల్లడం ఒకరిది. ఆ పూలన్నీ కలిపే అతుకుపని మరొకరిది. ఇరవై ఏళ్లుగా పూలు అల్లుతున్నావిడ, అవి చేరి దుప్పటి అయిందో బల్లగుడ్డ అయిందో చూసి వుండదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి వీళ్లమీద 1982లో ఒక పుస్తకమే వేసింది. వీళ్లు ఇంట్లో కూచుని చేస్తారు కాబట్టి గృహిణులంటున్నారు, పనిని తీరికవేళ కాలక్షేపం అంటున్నారు, ఆ పేరుమీదే కూలి అంత చవగ్గా దొరుకుతోందని ఆవిడ వాదన. సొంత దారం వుంటే బేరం మాట్లాడే నోరు వస్తుందని మా సంఘం ఆశ.

పాటకి ఇరవయ్యొక్క వస్తువులు తేలాయి. ఇక సర్కారు పాట, అదే, మొదట చెప్పే ధర, ఎంత పెట్టాలి? బల్లగుడ్డ ముందేసుకుని కూచున్నాం.

“ఇది ఎన్ని గంటల పనమ్మా?” అన్నాను.

“గంటలెవరు చూశారండీ? పప్పు ఉడికేలోగా రెండు పూలు. పిల్లోడు నిద్దరోతే మూడు.”

అదీ వాళ్ల గడియారం! గుడ్డలో పూలు లెక్కపెడితే 180. పువ్వుకి ఇరవై నిమిషాలంటే అరవై గంటలు. అతుకుకి పన్నెండు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున తొమ్మిది రోజులు. ఊడ్పుల కూలి లెక్కన కట్టి దారం ఖర్చు కలిపితే అయిదువేలు తేలింది. కమిటీలో వున్న ఓ బట్టలకొట్టాయన “అయిదువేలా!” అని నోరు తెరిచాడు. పెద్దావిడ మాత్రం ఏమీ అనలేదు. వేళ్లమీద మళ్లీ మొదట్నించీ లెక్కపెట్టుకుంది. తర్వాత, “సరే. పాట పెట్టండి. కాని వస్తువు పక్కన మనిషి నిలబడాలి. లేకపోతే నేను రాను” అంది.

పాట పెట్టేదెవరన్నది ఇంకో రభస. రిటైరైన హెడ్మాస్టరుగారిది మంచి కంఠమన్నారు కొందరు. నేను చేపల రేవులో తెల్లవారుజామున బుట్టలకి పాట పెట్టే ఆవిడ పేరు చెప్పాను. ఒకావిడ ముక్కుమీద వేలేసుకుంది. “చేపలమ్మే మనిషి, కల్యాణమండపంలో మైకు పట్టుకుని...!” ఏం, మనం రొయ్యలు తినడం లేదా, రొయ్యల చెరువులాయన ఇచ్చే చందా పుచ్చుకోవడం లేదా?

ఆవిడ జరీపంచె రాయుళ్లని కూడా వదల్లేదు. “మీసం సవరించుకుంటే పాట కాదు బాబుగారూ, నోరు తెరవాల! అమెరికా అమ్మాయిగారూ, ఆ ఫోను పక్కనెట్టి ఇటు చూడండి!” అంటూ హాలంతా ఒక్క తాడుమీద నడిపించింది. చిన్న చిన్న గుడ్డలు చకచకా పోయాయి. బల్లగుడ్డ వంతు వచ్చేసరికి “దీన్ని చేసినమ్మ రావాల” అంది. నలుగురు లేచారు. ముగ్గురు పూలవాళ్లు, ఒక అతుకావిడ. నాలుగు కొసలూ నలుగురూ పట్టుకుని విప్పారు. ఒకమ్మాయి హాలు వంక చూడనే లేదు. గుడ్డలో తన పూలు ఎక్కడ పడ్డాయా అని వెతుక్కుంటూ వుంది.

అయిదు, ఆరు, తొమ్మిది... ఇద్దరు మిల్లు యజమానుల మధ్య పంతం పడింది. ఒకరి భార్య వెనకనించి చొక్కా లాగుతూనే వుంది. ఇరవైమూడు వేలకి, మూడోసారి! చప్పట్లు మోగిపోయాయి. అది లేసు ధర కాదని నాకు తెలుసు. మీసం ధర. ఆ నలుగురి మొహాలు చూస్తుంటే మాత్రం ఆ మాట ఎవరితోనూ అనబుద్ధి కాలేదు. ఏజెంటు దగ్గర తమ పనిమీద ధర దిగడమే గాని ఎక్కడం విన్న చెవులు కావవి.

మొత్తం లక్షా ఎనభై ఆరువేలు. అంటే కాగితంమీద. ఇరవైమూడు వేల పెద్దమనిషి “ఫోన్లో పంపించేస్తానండీ” అని వెళ్లి మూడువారాలు పలకలేదు. నేను చేసిన ఫోన్లకి లెక్కలేదు. మావారు “నవల్లో అయితే నీ హీరో ఈపాటికి చెక్కు పంపేవాడు” అని వేళాకోళం. చివరికి పాట పెట్టినావిడే ఓ ఉదయం చేపల బుట్టతో ఆయన గుమ్మంలో కూచుందట, “పాట డబ్బులిచ్చాకే లేస్తానండీ” అని. పది నిమిషాల్లో సంఘం ఖాతాలో జమపడింది.

పాటలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టిన ఓ స్నేహితురాలు ఆ వారమే నాతోపాటు పెద్దావిడ ఇంటికి వచ్చింది, అలాంటి బల్లగుడ్డే కావాలని. “పాటలో రేటు కాదుగానీ పిన్నిగారూ, మామూలు రేటు చెప్పండి. రెండువేలకి వస్తుందా?”

పెద్దావిడ కొక్కెం సూది ఆపలేదు. “మామూలు రేటే చెబుతున్నానమ్మా. నూటెనభై పూలు, తొమ్మిది రోజులు. అయిదువేలు” అంది.

స్నేహితురాలు మళ్లీ వస్తానంది. ఇంకా రాలేదు.

దారం పెట్టెలు మొన్న దిగాయి. సంఘం గదిలో గోడవారగా పేర్చి తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గర వుండాలన్న విషయమై ఇప్పటికి రెండు మీటింగులు జరిగాయి. మూడోది ఆదివారం. ప్రస్తుతానికి అది పెద్దావిడ బొడ్లో వుంది.